మా మేనత్త చూసి వచ్చిన గుట్ట ఊరు

పోయిన మంగళవారం పొద్దున సూర్యాపేట నుంచి ఫోను వచ్చింది. మా మేనత్త చిన్న కొడుకు. "వదినా, అమ్మ పోయింది" అన్నాడు. రాత్రి జొన్న గటక తిని, నోట్లో పళ్లు లేకపోయినా నాలుగు పల్లీలు నోట్లో వేసుకొని చప్పరిస్తూ పడుకున్న మనిషి తెల్లవారి లేవలేదట. "నొప్పి అనలే, నీళ్లడగలే" అని రెండుసార్లు చెప్పాడు. కోదాడలో మా ఇంటి అరుగు మీద ఫోను చెవికి పెట్టుకొని నిలబడ్డ నాకు కళ్లలో నీళ్లు తిరగడానికి ముందే గుండెల్లోంచి ఒక పెద్ద ఊపిరి బయటికి వచ్చింది. మంచాన పడకుండా, ఎవరి చేతా ఎత్తించుకోకుండా పోయింది. ఆమె కోరుకున్నది అదే.

ఆమెకు తొంభై దాటాయని కొందరంటారు, దాటలేదని కొందరు. పుట్టింది ఒక కరువు ఏడాదిలో అన్నది తప్ప మా వాళ్లెవరి దగ్గరా వేరే ఆధారం లేదు. నాకంటే తొమ్మిది పదేండ్లు పెద్దది. మా నాయనకు ఒక్కతే చెల్లెలు.

సూర్యాపేటలో ఆమె చుట్టూ కూర్చున్న మనవళ్లకు, మనవరాళ్లకు ఆమె వింతలన్నీ తెలుసు. పొద్దుగూకగానే ఇంట్లో మనుషుల తలలు లెక్కపెట్టేది. ఒక తల తక్కువైతే గడప మీద కూర్చునేది, ఆ తల వచ్చేదాకా లేచేది కాదు. ఎవరు ఏ కబురు తెచ్చినా, "నువ్వు సూసినవా?" అని అడిగేది. చూడలేదంటే ఆ కబురు అక్కడికి ఖతం. "నోటి మాటకు కాళ్లుంటయ్ గని కండ్లుండయ్ బిడ్డా" అనేది. ఈ మాట మా కుటుంబంలో ఎంత పాకిందంటే, పెండ్లి సంబంధాలు మాట్లాడుకునేటప్పుడు కూడా ఎవరో ఒకరు అని తీరుతారు.

నాకు ఉద్యోగం వచ్చింది కూడా ఆ మాట పుణ్యమే. టీచరు ట్రైనింగుకు పరీక్ష రాసి ఇంట్లో కూర్చుంటే, నా పేరు లేదని మా ఊరతను ఒకడు చెప్పిపోయాడు. నేను రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు ఆమె వచ్చి, నా జడ తనే వేసి, బస్సెక్కించి తీసుకుపోయింది. గోడకు అంటించిన కాగితం ముందు నన్ను నిలబెట్టి, చదువు రాని తాను ఆ కాగితం కొస పట్టుకొని, పైనుంచి కిందికి చదవమన్నది. నా పేరు కింది నుంచి నాలుగోది. దారిలో ఇద్దరికీ చెరొక జామకాయ కొన్నది.

ఆ అలవాటు ఆమెకు ఎక్కడ అబ్బిందో మాత్రం ఆ పిల్లలెవరికీ తెలియదు. ఆమె చెప్పలేదు. నాకు తెలుసు, ఎందుకంటే ఆ రోజు ఆమె చెయ్యి పట్టుకొని నడిచింది నేనే. ఆ రోజును చూసినవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. అందుకే రాస్తున్నాను.

అప్పుడు మా ఊరు మిర్యాలగూడకు నాలుగు కోసుల దూరంలో ఉండేది. కాలువలు రాని కాలం. జొన్నలు, ఆముదాలు, జీవాలు, అంతే మా బతుకు. మేనత్తను ఇచ్చింది ఊర్లోనే, మా తాత ఇంటికి రెండు వాడల అవతల. మామకు నలభైకి పైగా గొర్రెలుండేవి. పెండ్లయి రెండో ఏడు నడుస్తుండగా ఊర్ల మీదికి తుపాకులు రావడం మొదలైంది. వచ్చినవాళ్లు గింజలు అడిగేవారు, తర్వాత జీవాలు అడిగేవారు, తర్వాత అడగడం మానేశారు. ఒక ఎండకాలం తెల్లవారుజామున మామ మందను తోలుకొని పడమటి గుట్టల వైపు పోయాడు. వానలు పడగానే వస్తానన్నాడు.

వానలు పడకముందే మా ఊరు కాలింది. కట్టుబట్టలతో కోదాడ దాటి, సరిహద్దు అవతల ఒక పశువుల కొట్టంలో నాలుగు నెలలు ఉన్నాం. రాజ్యం మారిందని తెలిశాక తిరిగివచ్చి గోడల మీద మళ్లీ కప్పు వేసుకున్నాం. అందరూ వచ్చారు. మామ రాలేదు. ఒక చలికాలం గడిచింది, ఒక ఎండకాలం గడిచింది, మళ్లీ వానలు కూడా వెనుకబట్టాయి.

మా కులంలో మారుమనువు ఉంది. ఇరవై ఏండ్ల పిల్లను ఎంతకాలం ఇట్లా ఉంచుతారని పెద్దలు తాతను అడిగారు. ఆత్మకూరు నుంచి ఒకాయన మాట వచ్చింది. కాన్పులో భార్య పోయిందట, ఇద్దరు చిన్న పిల్లలు, పెద్ద మంద. చెడ్డవాడని ఎవరూ అనలేదు, నిజంగానే చెడ్డవాడు కాడు. మామ ఇక చనిపోయినట్టే లెక్క, ముందు అతనికి చేయవలసినవి చేయాలి, ఆ తర్వాత మంచిరోజు చూడాలి అన్నారు. పోయినవాడికి చేసే కార్యం సోమవారం అని ఖాయం చేశారు. మేనత్త గోడకు ఆనుకొని అంతా వింటూ కూర్చుంది.

శనివారం మిర్యాలగూడ అంగడిలో గొంగళ్లు అమ్మే ఒకాయన, కోటగుట్టలో ఒక కుంటివాడు అచ్చం మీ అల్లుడి లాగే నాలుక మడిచి జీవాలను పిలుస్తాడు అని తాతతో అన్నాడు. కోటగుట్ట అంటే పెద్దవూర దిక్కున గుట్ట నడుమ ఉన్న చిన్న పట్నం. పైన పాడుబడ్డ కోట, కింద మూడు నాలుగు బజార్లు. తాత ఆ మాట ఇంట్లో చెప్పి, జీవాలను పిలిచేవాళ్లు లోకంలో వెయ్యి మంది ఉంటారని తనే కొట్టేశాడు. ఆశ పెట్టుకొని మళ్లీ కూలిపోతుందని ఆయన భయం. అప్పుడు మేనత్త మొదటిసారి నోరు విప్పింది.

"నేను సూసొస్త నాయనా. ఒక్క దినం. లేకుంటే మీరు చెప్పినట్టే ఇంట."

తాత చాలాసేపు తలపాగా విప్పి కట్టుకున్నాడు. చివరికి, ఒంటరిగా వద్దు, పిల్లను వెంట తీసుకుపో, రేపు పొద్దుగూకేసరికి ఇంట్లో ఉండాలి అన్నాడు. ఆ పిల్లను నేనే. నాకు పదకొండేండ్లు. గుట్ట ఊరు చూస్తానన్న సంబరంలో నాకు మిగతాదేమీ తలకెక్కలేదు.

ఆదివారం చీకటి విడవకముందే బాట మీదికి నడిచాం. ఆముదాలు నింపుకోవడానికి పెద్దవూర వైపు పోతున్న ఒక లారీ ఆగింది. డ్రైవరు కోదాడ ఆయన. "ఎక్కండమ్మా. సాయంత్రం నాలుగింటికి గుట్ట కింద ఇదే మలుపులో ఉంటాను, ఆలస్యమైతే మాత్రం ఆగను" అని ఆ వైపు యాసలో చెప్పాడు. గుట్ట కింద దిగి పైకి చూస్తే, కోటగోడ బండలకు అతికించినట్టు, ఇండ్లు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కినట్టు కనిపించాయి.

ఎక్కేటప్పుడు మేనత్త నాకు ఒకటే చెప్పింది. "ఎవ్వరినీ ఏం అడగొద్దు. మనం ఊరు సూడనీకి వచ్చినం." నాకు అప్పుడు అర్థం కాలేదు. గుట్టల్లో ఎవరో దాగి ఉన్నారని, వాళ్లను వెతికే సర్కారు మనుషులు ఇంకా తిరుగుతున్న రోజులవి. ఫలానా మనిషి ఎక్కడ అని అడిగితే, అడిగినవాళ్ల మీదా అనుమానమే, ఎవరి కోసం అడిగారో వాళ్లకూ గండమే.

అట్లా మేము ఊరు చూశాం. కోట దర్వాజా కింద నిలబడి తలలెత్తి చూశాం. మెట్ల బావిలోకి దిగి నీళ్లు తాగి, నడిచినంతసేపూ కొంగుతో ముఖాలు తుడుచుకున్నాం. గొంగళ్లు నేసే వాడలో ప్రతి గుంట మగ్గం దగ్గరా మేనత్త ఆగింది. అంచు బాగుందని చేత్తో తడిమింది, కండ్లు మాత్రం మగ్గం వెనక మనిషి మీద ఉండేవి. దేవుని గుట్ట మెట్లెక్కి, అక్కడి నుంచి ఊరి దొడ్లన్నీ ఒక్కొక్కటిగా చూసింది. పొద్దు నడినెత్తికి వచ్చింది. కుంటివాళ్లు ఇద్దరు కనబడ్డారు. ఒకాయన ముసలి, ఒకాయన కోమటి. నాకు కాళ్లు గుంజుతున్నాయని ఏడుపు మొదలుపెట్టాను. ఆమె నన్ను ఒక బండ మీద కూర్చోబెట్టి మూటలోని రొట్టె తుంచి ఇచ్చింది. తను తినలేదు. అప్పుడు ఆమె ముఖంలో ఆశ లేదు, భయం కూడా లేదు. ఒప్పుకున్న మాటకు లోబడడానికి సిద్ధమవుతున్న మనిషి ముఖం అది. పెద్దయ్యాక గాని నాకది తెలియలేదు.

నేను రొట్టె తింటుండగా ఊరి మంద నీళ్లకు దిగివచ్చింది. అందరి జీవాలూ కలిపి ఒకరు మేపే మంద. మా పక్క నుంచి పోతున్న ఒక గొర్రెను చూసి మేనత్త లేచి నిలబడింది. దాని ఎడమ చెవి కొన కోసి ఉంది, కుడి చెవికి రెండు చీలికలున్నాయి. ఆ గుర్తు మామ మందది. పెండ్లయిన కొత్తలో ఆ కోతలు కోసేటప్పుడు గొర్రెపిల్లలను ఒళ్లో అదిమిపట్టుకున్నది ఆమే.

"పా" అని నా చెయ్యి పట్టింది.

నీళ్లు తాగిన జీవాలు ఎవరి ఇంటికి అవి విడిపోయాయి. మేము ఆ గొర్రె వెనక నడిచాం. అది నేతవాడ దాటింది, కోటగోడ వెంట ఎడమకు తిరిగింది, ఇద్దరు పక్కపక్కన నడవలేని ఒక సందులో దూరింది. సందు చివర ఒక తడిక తలుపు. లోపలి నుంచి దూది ఏకే చప్పుడు వినిపిస్తోంది. గొర్రె తలతో తడికను నెట్టుకొని పోయింది. మేనత్త ఆ తడికను చేత్తో పట్టుకొని ఆగిపోయింది. నేను ఆమె మోచేతి కింది నుంచి చూశాను.

వసారాలో ఒళ్లంతా దూది పట్టిన మనిషి ఒక కాలు చాపుకొని కూర్చొని, విల్లుతో దూది ఏకుతున్నాడు. తల మీద, కనుబొమల మీద, గడ్డం మీద దూదే. నేను గుర్తుపట్టలేదు. అతను తల ఎత్తాడు. విల్లు చప్పుడు ఆగింది.

మేనత్తే, పొద్దున పోయి ఇప్పుడే వచ్చిన మనిషిని అడిగినట్టు అడిగింది.

"కాలికేమైంది?"

మామ విల్లు కింద పెట్టి, "ఊరు కాలిందన్నరు. అందరు పోయిండ్రన్నరు" అన్నాడు.

"ఇండ్లు కాలినయ్. మేం కాలలే" అన్నది ఆమె. అని, అక్కడే గడప దగ్గర కూలబడి, లోపలి నుంచి వచ్చిన ముసలమ్మ చేతిలో చెంబు అందుకొని ఆపకుండా తాగింది. చెంబు దించాక గాని ఏడుపు రాలేదు. వచ్చాక ఆగలేదు. మామ ఒంటికాలి మీద ఎగురుతూ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆమె చేతులకు, కొంగుకు, జుట్టుకు దూది అంటుకుంది.

ఆ ముసలమ్మ దూదేకుల ఆమె. ఊర్లో అందరూ బూబమ్మ అనేవారు. జరిగింది ఆమే చెప్పింది. మందను గుంజుకుపోయినవాళ్లు మామను కొట్టి గుట్ట మీది నుంచి తోశారు. పుల్లల కోసం పోయిన బూబమ్మకు బండల నడుమ మూలుగు వినబడింది. తొడ ఎముక విరిగింది. ఆమె, ఆమె కొడుకు కలిసి మంచం మీద మోసుకొచ్చి దూది కొట్టంలో దాచారు, కట్టు కట్టించారు. చెదిరిపోయిన జీవాలు పదకొండు వాటంతట అవే వాసన పట్టి వచ్చాయి. ఉప్పు అమ్మే మనిషితో మామ ఇంటికి కబురు పంపాడు. ఆ మనిషి పోయేసరికి మేము సరిహద్దు అవతల ఉన్నాం. ఊర్లో పిట్ట కూడా లేదని, ఇండ్లన్నీ బూడిదని వచ్చి చెప్పాడు. మామ ఆ మాట నమ్మాడు. పది నెలలకు కాలు కింద పెట్టాడు. ఈలోగా రాజ్యం మారింది. ఆ మార్పులో తమ మతంవాళ్ల మీద దాడులు జరుగుతుంటే బూబమ్మ కొడుకు భయపడి హైదరాబాదుకు పోయాడు. దెబ్బ తగిలిన కొత్త మనిషి కనబడితే వెతికేవాళ్లు పట్టుకుపోతారని, వేరే పేరు పెట్టి తన చెల్లెలి కొడుకని ఊర్లో చెప్పుకొన్నది బూబమ్మ. మేము ఊరంతా తిరిగి అడిగినా దొరికేవాడు కాదు.

"నీ మొగన్ని దాచిన గని కరగదీయలే బిడ్డా. సూసుకో, పోయినప్పుడు ఎంతున్నడో గంతే ఉన్నడు" అన్నది బూబమ్మ. మేనత్త ఏడుపు మధ్యలో నవ్వింది.

అన్నం తిన్నాక లారీ రావడానికి ఇంకా రెండు గంటలు ఉంది. పొద్దుటి నుంచి మీరు ఊరు చూడలేదు, చూసినట్టు నటించారు, పోయి నిజంగా చూసి రండి అని బూబమ్మే మమ్మల్ని తోలింది. మామ కర్ర పట్టుకొని ముందు నడిచాడు. అవే బజార్లు, అదే దర్వాజా. ఇప్పుడు మాత్రం మేనత్తకు అన్నీ కనబడ్డాయి. దర్వాజా మీద చెక్కిన ఏనుగుకు తొండం విరిగిందని, మెట్ల బావిలో ఎర్ర చేపలున్నాయని నాకు చూపించింది. పొద్దున నేను చెబితే వినని సంగతులు అవి. కోట వెనక సీతాఫలాలు పండి పగిలి ఉన్నాయి. ముగ్గురం బండ మీద కూర్చొని, గింజలు ఎవరు దూరం ఉమ్ముతారో అని పందెం పెట్టుకున్నాం. మేనత్త గెలిచింది. కింద మైదానం మీద మబ్బుల నీడలు మందల్లాగా కదులుతుంటే, మామ తన జీవాల సంగతి చెప్పాడు, ఏది పోయింది, ఏది మిగిలింది అని. ఆమె ఒక్కొక్కదానికి తల ఊపింది.

తిరిగి వచ్చాక ఆమె బూబమ్మను మాతో రమ్మన్నది. బూబమ్మ రానన్నది. "నా కొడుకు వస్తే తలుపు తీసేటోళ్లు ఉండాలె గద" అన్నది. ఆ మాట విని మేనత్త తలుపు వైపు ఒకసారి, మామ వైపు ఒకసారి చూసింది. ఏడాదిన్నర ఎదురుచూసిన మనిషి, చెయ్యి పట్టుకొని ఇంటికి గుంజుకుపోతుందని నేననుకున్నాను.

"అయితే నువ్వు గీడనే ఉండు" అన్నది మామతో. "అవ్వ కొడుకు వచ్చేదాక. నేను పోయి సోమవారం ఆపి, బట్టలు తెచ్చుకుంట."

అన్నట్టే చేసింది. ఆ రోజు పొద్దుగూకేవేళకు వాకిట్లో నిలబడి, "ఉన్నడు నాయనా, సూసొచ్చిన" అంటే, తాత లోపలికి పోయి ముఖం కడుక్కొని వచ్చాడు. తెల్లవారి తనే ఆత్మకూరు నడిచి పోయి విషయం చెప్పాడు. ఆ ఆత్మకూరు ఆయన, మంచిదే అయింది, ఆమె కడుపు చల్లగుండాలి అన్నాడట. నేను ఆ మనిషిని ఎన్నడూ చూడలేదు గాని, ఆ మాటకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

బుధవారం మేనత్త మూట కట్టుకొని కోటగుట్టకు పోయింది. ఐదు నెలలు అక్కడ దూది ఏకింది. బూబమ్మ కొడుకు ఒక మధ్యాహ్నం తిరిగివచ్చి తడిక తట్టాడట. తలుపు తీసింది మేనత్తే. ఆ తర్వాతే ఇద్దరూ పదహారు జీవాలతో ఊరికి వచ్చారు. మామ కుంటుతూనే ఇంకో నలభై ఏండ్లు బతికాడు. ఆ కొడుకు పిల్లలు మొన్న సూర్యాపేటకు వచ్చి, పాడె వెంట నడిచారు. వాళ్లు ఏ వరసలో నడవాలని ఎవరో అడిగితే, మా వాళ్లు ముందు వరసలోకి జరిగి చోటిచ్చారు.

ఆమెను తలుచుకుంటే నాకు తడిక దగ్గరి ఏడుపు గుర్తురాదు. లారీ గుర్తుకొస్తుంది. నాలుగింటికి సరిగ్గా మలుపు దగ్గర ఎక్కాం. వెనక ఆముదాల బస్తాల మీద కూర్చున్నాం. బాట అంతా గుంతలే. పొద్దున ఊరి నుంచి బయలుదేరినప్పుడు ఖాళీ లారీలో తాడు పట్టుకొని బిగుసుకొని కూర్చున్న మనిషి, ఇప్పుడు రెండు మలుపులు దాటకముందే నా ఒళ్లో తల పెట్టి నిద్రపోయింది. గుంతలో పడి బస్తాలు ఎగిరినా లేవలేదు. డ్రైవరు ఒకచోట ఆపి, నీళ్లు తాగుతారా అని కేకవేసినా లేవలేదు. ఆమె కనురెప్పల మీద ఇంకా సన్నటి దూది పోగులు ఉన్నాయి. గాలికి ఎగిరిపోతాయేమోనని, ఎగిరితే లేస్తుందేమోనని, పొద్దు వాలి ముఖం మీది వెలుతురు ఎర్రబడేదాకా నేను నా చేతిని అడ్డం పెట్టుకొని కూర్చున్నాను.